గీత మీదే ఉన్నా కదులుతున్న తాడు: పల్సుల పరావర్తనం, వ్యతికరణంపై ఒక తరగతి కేస్ స్టడీ

నేను హైదరాబాద్‌లోని ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరంలో మొదటి పాఠం తరంగాలు. జూన్‌లో తరగతులు మొదలైన కొద్ది రోజులకే బిగించిన తీగ మీద పల్సులు, అంటే ఒక్క కుదుపుతో పుట్టి తీగ వెంట నడిచే ఒంటరి అలలు, కొసను తాకి ఎలా తిరిగి వస్తాయో (పరావర్తనం), ఎదురెదురుగా వచ్చిన పల్సులు ఎలా కలిసి విడిపోతాయో (వ్యతికరణం) చెప్పవలసి వస్తుంది. పుస్తకంలో ఇది రెండు పేజీలకు మించదు. పిల్లలు సూత్రాన్ని తప్పులేకుండా అప్పజెబుతారు, లెక్కలు కూడా చేస్తారు. అయినా వారి మనసులో ఉన్న తాడుకూ అసలు తాడుకూ ఎంత దూరం ఉందో ఒక యూనిట్ పరీక్షలో బయటపడింది. ఆ దూరాన్ని తగ్గించడానికి మా తరగతి చేసిన ప్రయత్నాన్ని, అందులో నేను వేసిన తప్పటడుగులతో సహా, ఇక్కడ నమోదు చేస్తున్నాను.

పరీక్షలో నేను అడిగిన ప్రశ్న చిన్నది. ఒకే ఎత్తు, ఒకే పొడవు ఉన్న రెండు పల్సులు, ఒకటి పైకి లేచినది, మరొకటి కిందికి వంగినది, ఒక తాడు మీద ఎదురెదురుగా వస్తున్నాయి. అవి సరిగ్గా ఒకదానిమీద ఒకటి పడిన క్షణంలో తాడు ఎలా ఉంటుంది, ఆ తర్వాత ఏమవుతుంది? మొదటి భాగానికి దాదాపు అందరూ తిన్నని గీత గీశారు. అది సరైనదే. రెండో భాగానికి వచ్చేసరికి తరగతిలో సగానికి పైగా పిల్లలు మళ్లీ అదే తిన్నని గీతను గీశారు. వారి మాటల్లో చెప్పాలంటే రెండు పల్సులూ 'క్యాన్సిల్ అయిపోతాయి', ఇక తాడు మీద ఏమీ మిగలదు. ఒక విద్యార్థిని ఇంకొంచెం ఆలోచించి, శక్తి నాశనం కాకూడదు కాబట్టి అది వేడిగా మారిపోతుందని రాసింది. నాకు ఆ జవాబు నచ్చింది. తప్పే అయినా, ఆ అమ్మాయికి ఒక నిజమైన ఇబ్బంది కనిపించింది: తాడు తిన్నగా ఉన్న క్షణంలో శక్తి ఎక్కడ ఉంది? మిగిలిన వారికి ఆ ప్రశ్నే పుట్టలేదు. సరైన జవాబు రాసిన వారిని విడిగా పిలిచి అడిగితే వారు కూడా 'అధ్యారోపణ సూత్రం ప్రకారం దాటుకుని వెళతాయి' అన్నారే తప్ప (కలిసిన చోట తాడు స్థానం రెండు పల్సుల ఎత్తుల మొత్తమని ఆ సూత్రం చెబుతుంది), ఏమీ లేని చోటు నుంచి రెండు పల్సులు మళ్లీ ఎలా పుట్టుకొచ్చాయో చెప్పలేకపోయారు.

నా మొదటి ప్రయత్నం విఫలమైంది. ప్రొజెక్టర్ మీద ఒక యానిమేషన్ చూపించాను. రెండు పల్సులు వచ్చాయి, కలిశాయి, గీత తిన్నగా అయింది, మళ్లీ విడిపోయాయి. పిల్లలు ఒప్పుకున్నట్టే తల ఊపారు. చివరి బెంచీ నుంచి ఒక అబ్బాయి, 'సార్, ప్రోగ్రామ్ అలా రాశారు కాబట్టి అలా వస్తోంది, తాడుకు ఆ ప్రోగ్రామ్ తెలియదు కదా' అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. యానిమేషన్ చూపేది తాడు ఆకారాన్ని మాత్రమే. గీత తిన్నగా ఉన్న బొమ్మను ఆపి చూస్తే, నిశ్చలంగా ఉన్న తాడుకూ ఆ క్షణంలోని తాడుకూ తేడా ఏమీ కనిపించదు. వారి పొరపాటు ఎక్కడ ఉందో నా బొమ్మ కూడా అక్కడే ఉంది. అందుకే అసలు తాడునే తేవాలని నిర్ణయించుకున్నాను.

తాడు, కొలతలు

వీణ తీగ మీదో వయొలిన్ తీగ మీదో పల్సును కంటితో చూడలేము. 80 సెం.మీ. తీగ 150 హెర్ట్జ్ వద్ద మోగుతోందంటే దాని మీద తరంగ వేగం సెకనుకు 240 మీటర్లు. పల్సు నెమ్మదిగా నడవాలంటే తాడు బరువుగా ఉండాలి, బిగువు తక్కువగా ఉండాలి. రాణిగంజ్‌లో 12 మి.మీ. మందం ఉన్న నూలు తాడు 12 మీటర్లు కొన్నాము. తూకం వేస్తే 1.2 కిలోలు ఉంది, అంటే మీటరుకు 100 గ్రాములు. వరండాలో రెండు కొసల మధ్య 9 మీటర్లు వచ్చేలా కట్టి, సామాను తూచే చేతి తూకంతో 4.1 కిలోల వరకు లాగి బిగించాము. తన్యత, అంటే బిగువు, సుమారు 40 న్యూటన్లు. తన్యతను రేఖీయ సాంద్రతతో (మీటరు తాడు ద్రవ్యరాశితో) భాగించి వర్గమూలం తీస్తే వేగం సెకనుకు 20 మీటర్లు వస్తుంది.

ఇక్కడ ఒక ఇబ్బంది ఎదురైంది. ఆ బిగువుకు తాడు మధ్యలో 25 సెం.మీ. కిందికి సాగి వేలాడుతుంది. మొదట దాన్ని లోపంగానే భావించాను, కానీ అది ఒక కొలతగా పనికొచ్చింది. కొద్దిగా వేలాడే తాడులో, కొసల మధ్య దూరపు వర్గాన్ని గురుత్వ త్వరణంతో గుణించి, ఆ వేలాడిన లోతుకు ఎనిమిది రెట్లతో భాగిస్తే తరంగ వేగపు వర్గం వస్తుంది. బరువు గానీ తన్యత గానీ కొలవనక్కరలేదు, టేపు ఒక్కటి చాలు. మా లెక్కకు 19.9 వచ్చింది. ఆ వేలాడే తాడు నిశ్చలంగా ఉన్నప్పుడు దాని వెంట గోడ మీద చాక్‌పీస్‌తో గీత గీశాము. ఇక మీదట తాడు 'తిన్నగా ఉంది' అంటే ఈ గీత మీద ఉందని అర్థం.

తాడు కొసను మొదట కిటికీ ఊచకు కట్టాను. అది పొరపాటు. పల్సు వెళ్లి తగిలిన ప్రతిసారీ ఊచ కదిలింది, తిరిగి వచ్చిన పల్సు చిన్నదైపోయింది. కదిలే కొస దృఢమైన కొస కాదు. ఆ తర్వాత స్తంభంలో దిగ్గొట్టిన ఇనుప కొక్కేనికి ముడి వేసి కట్టాము. అలాగే, ఫోనుతో మామూలు వేగంతో వీడియో తీసినప్పుడు సెకనుకు 30 ఫ్రేములే వచ్చాయి, ఒక్కో ఫ్రేముకు పల్సు 67 సెం.మీ. దూకేసేది. స్లో మోషన్‌లో 240 ఫ్రేములు పెట్టాక ఫ్రేముకు 8 సెం.మీ. చొప్పున నడిచింది. చేతితో ఇచ్చిన పల్సు సుమారు 9 సెం.మీ. ఎత్తు, 1.8 మీటర్ల పొడవు ఉంది. అది కొక్కేన్ని తాకి వెనక్కి రావడానికి 220 ఫ్రేములు పట్టింది. అంటే 18 మీటర్లకు 0.92 సెకను, వేగం 19.6 మీటర్లు. మూడు దారుల్లో వచ్చిన మూడు అంకెలు అంత దగ్గరగా ఉండడం చూసి 'తాడుకు ప్రోగ్రామ్ తెలియదు' అన్న అబ్బాయే బోర్డు మీద వాటిని పక్కపక్కన రాశాడు.

మసక

బోనాల సెలవు మర్నాడు, బాగా మబ్బు పట్టిన ఉదయం, కొక్కెం దగ్గర తీసిన వీడియోను ఒక్కొక్క ఫ్రేమే ముందుకు జరుపుతూ చూస్తున్నాము. నేను చూపదలచుకున్నది తలకిందులైన పల్సును మాత్రమే: పైకి లేచిన పల్సు వెళ్లి, కిందికి వంగిన పల్సుగా తిరిగి వస్తుంది. కారణం పిల్లలకు తెలుసు. పల్సు ముందు భాగం కొక్కేన్ని పైకి లాగుతుంది, న్యూటన్ మూడో నియమం ప్రకారం కొక్కెం తాడును కిందికి లాగుతుంది, కొక్కెం కదలదు కాబట్టి తాడే కిందికి పోతుంది. ఇది చెప్పి ముందుకు వెళ్లిపోవలసినవాడిని. అంతలో వేడి గురించి రాసిన ఆ విద్యార్థిని, 'సార్, ఒక్క ఫ్రేము వెనక్కి వెళ్లండి' అంది.

వెళ్లాను. ఆ ఫ్రేములో పల్సు లేదు. తాడు మొత్తం, చిన్న అల తప్ప, చాక్ గీత మీదే ఉంది. దానికి పది ఫ్రేముల ముందు పైకి లేచిన పల్సు ఉంది, పది ఫ్రేముల తర్వాత కిందికి వంగిన పల్సు ఉంది, మధ్యలో ఏమీ లేదు. రెండు పల్సులు కలిసిన సందర్భం కాదిది. వచ్చినది ఒక్కటే పల్సు. మరి అది దేనితో క్యాన్సిల్ అయింది?

తరగతి కాసేపు నిశ్శబ్దంగా ఉంది. నేను వెంటనే జవాబు చెప్పలేదు, చెప్పనందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను. ఆ అమ్మాయి తెర దగ్గరికి వచ్చి చూసి, 'గీత మీదే ఉంది కానీ సార్, ఇక్కడ మసకగా ఉంది, అలుక్కుపోయినట్టు' అని కొక్కేనికి అర మీటరు ఇవతల వేలు పెట్టింది. మిగిలిన తాడు పురి కూడా కనిపించేంత స్పష్టంగా ఉంది. కొక్కెం దగ్గర ముడి కూడా స్పష్టంగానే ఉంది. ఆ రెంటి మధ్య తాడు మాత్రం తన మందం కన్నా రెండింతలు, మూడింతలు వెడల్పుగా, పైకీ కిందికీ పులిమినట్టు కనిపిస్తోంది.

ఈ మొత్తం కేసుకు కీలకం ఆ మసకే. మబ్బు వల్ల వరండాలో వెలుతురు తక్కువగా ఉంది, అందుకని ఫోను ఒక్కో ఫ్రేముకు తన షట్టరును దాదాపు పూర్తి కాలం తెరిచి ఉంచింది. తాడులో కదులుతున్న ముక్క ఆ కొద్ది కాలంలోనే కదిలిన మేరకు అలుక్కుపోయింది. మసక ఎంత వెడల్పుగా ఉందో తాడు ముక్క అంత వేగంగా కదులుతోందన్న మాట. ఆకారం చాక్ గీతతో కలిసిపోయింది కానీ, వేగం కలిసిపోలేదు. లెక్క వేసి చూశాము. 9 సెం.మీ. ఎత్తు, 1.8 మీ. పొడవు ఉన్న నునుపైన పల్సులో అత్యధిక వాలు సుమారు 0.16. తాడు ముక్క పైకీ కిందికీ కదిలే వేగం, ఆ వాలును పల్సు వేగంతో గుణించగా, సెకనుకు 3 మీటర్లకు కొంచెం ఎక్కువ. కొక్కెం దగ్గరి ఆ ఫ్రేములో ఇంకా వస్తున్న సగమూ తిరిగి వెళ్తున్న సగమూ తాడును ఒకే దిశలో కదిలిస్తాయి కాబట్టి అది రెట్టింపై 6 మీటర్లు దాటాలి. సెకనులో 240వ వంతులో ఆ వేగంతో తాడు 2.6 సెం.మీ. జరుగుతుంది. తెర మీద మసక ఆ మేరకే ఉంది. తాడు మధ్యలో ఒంటరిగా నడుస్తున్న పల్సు వాలు మీద కూడా మసక ఉంది, కానీ దాని వెడల్పు ఇందులో సగమే.

శక్తి లెక్క ఇక్కడ తానే తెరుచుకుంది. నడుస్తున్న పల్సులో శక్తి సగం గతిజశక్తి, సగం తాడు సాగడం వల్ల వచ్చే స్థితిజశక్తి. గీత మీదికి వచ్చిన క్షణంలో సాగుదల లేదు, స్థితిజశక్తి సున్నా. వేగం రెట్టింపు కాబట్టి ప్రతి సెంటీమీటరులోనూ గతిజశక్తి నాలుగింతలు, కానీ పల్సు సగానికి మడత పడింది కాబట్టి కదులుతున్న తాడు పొడవు సగం. నాలుగింతల్లో సగం రెండింతలు. మొదటి గతిజశక్తికి రెండింతలంటే పల్సు మొత్తం శక్తే. మా పల్సుకు అది సుమారు 0.9 జౌలు. అందులో ఒక్క పాలు కూడా ఎక్కడికీ పోలేదు, అంతా ఆ మసకలో ఉంది.

ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. తాడు పూర్తిగా గీత మీదికి రాలేదు, చిన్న అల మిగిలిందన్నాను. చేతితో ఇచ్చిన పల్సుకు ముందు వైపు నిటారుగా, వెనక వైపు వాలుగా ఉండడమే దానికి కారణం. రెండు సగాలూ సమానంగా ఉన్న పల్సుకే ఆకారం పూర్తిగా మాయమవుతుంది. పిల్లలు దీన్ని లోపంగా రాశారు, నేను దాన్ని ఒక పరిశీలనగా మార్చి రాయించాను.

కొక్కెం అవతల

ఇక మొదటి ప్రశ్నకు తిరిగి వచ్చాము. ఈసారి ఇద్దరు అక్కరలేదు, ఒక్క చేయి చాలు. ఒక పల్సు పంపి, అది కొక్కేన్ని తాకే సమయానికి, అంటే 0.45 సెకను తర్వాత, రెండోది పంపితే, తలకిందులై తిరిగి వస్తున్న మొదటిదీ కొత్తగా పోతున్న రెండోదీ తాడు మధ్యలో ఎదురుపడతాయి. చప్పట్లతో తాళం వేసుకుంటూ ఇరవై సార్లు ప్రయత్నించి, బాగా కుదిరిన వాటిని ఉంచుకున్నాము. పల్సులు కలిసే చోట తాడుకు ఎర్ర దారం కట్టాము.

కలిసిన ఫ్రేములో తాడు గీత మీద ఉంది. దారానికి ఎడమ వైపు మసక ఉంది, కుడి వైపు మసక ఉంది, దారం మాత్రం స్పష్టంగా ఉంది. ముందు ఫ్రేములు, వెనక ఫ్రేములు అన్నీ తిప్పి చూసినా దారం చాక్ గీత నుంచి వేలెడు కూడా కదలలేదు. పల్సులు సమాన ఎత్తులో ఉండి ఒకదానికొకటి ప్రతిబింబంగా ఉంటే, ఆ బిందువు వద్ద ఒకటి ఎంత పైకి లాగుతుందో మరొకటి అంతే కిందికి లాగుతుంది. అది కలయిక క్షణంలో మాత్రమే కాదు, మొదటి నుంచి చివరి దాకా.

కొక్కెం దగ్గరి ఫ్రేమునూ ఈ ఫ్రేమునూ అచ్చు తీయించి పక్కపక్కన పెట్టింది ఆ విద్యార్థినే. రెండో బొమ్మలో దారానికి కుడి వైపున్న భాగాన్ని కాగితంతో కప్పితే, మిగిలిన ఎడమ సగం మొదటి బొమ్మతో అచ్చంగా సరిపోయింది. దారం ఉన్న చోట కొక్కెం ఉంది, అంతే తేడా. ఎలాగూ కదలని బిందువును మేకుతో బిగించినా తాడుకు ఏ మార్పూ తెలియదు. కాబట్టి ఎడమ సగం మాత్రమే చూస్తున్న వారికి, పల్సు దారాన్ని దాటి వెళ్లిపోయి అవతలి పల్సు ఇటు వచ్చిందని చెప్పినా, పల్సు దారాన్ని తాకి తలకిందులై వెనక్కి వచ్చిందని చెప్పినా ఒకటే. స్తంభం అవతల అదే తాడు కొనసాగుతోందనీ, అటు నుంచి ఒక తలకిందుల పల్సు మన పల్సుకు ఎదురుగా బయలుదేరిందనీ ఊహించుకుంటే పరావర్తనం మొత్తం వ్యతికరణంగా మారిపోతుంది. 'దేనితో క్యాన్సిల్ అయింది?' అన్న ప్రశ్నకు జవాబు అదే: గోడ అవతలి తన ప్రతిబింబంతో.

1747లో ఫ్రెంచి గణితవేత్త దలంబేర్ బిగించిన తీగ చలనానికి ఇచ్చిన పరిష్కారాన్ని నేను ఈ సందర్భంలోనే చెప్పాను. తీగ చలనమంతా కుడికి నడిచే ఒక ఆకారం, ఎడమకు నడిచే ఒక ఆకారం, ఆ రెంటి మొత్తం. ఆ రెంటినీ విడివిడిగా తెలుసుకోవాలంటే ఒక క్షణంలో తీగ ఆకారం ఒక్కటే చాలదు, ప్రతి బిందువు వేగం కూడా కావాలి. ఏళ్ల తరబడి ఈ వాక్యాన్ని నేను బోర్డు మీద సమీకరణంగా రాశాను. ఆ మసక ముందు నిలబడి చెప్పినప్పుడు పిల్లలు దాన్ని నోట్సులో రాసుకోలేదు, తెర వైపు చూశారు. 1918లో సి.వి. రామన్ కమానుతో వాయించే తీగల కంపనాల మీద ప్రచురించిన సిద్ధాంత గ్రంథం కూడా తీగ మీద పరిగెత్తుతూ రెండు కొసల దగ్గరా తిరగబడే మలుపుల కథే. దాన్ని మరో వారానికి వాయిదా వేశాను.

ఆ తర్వాత కట్టేయని కొస, అంటే స్వేచ్ఛా కొస, దగ్గర ఏమవుతుందో చూశాము. దానికి కర్టెన్ రింగును నూనె రాసిన నిలువు కమ్మీకి తొడిగి, తాడును దానికి కట్టాము. రింగును పైకీ కిందికీ ఆపేది ఏదీ లేదు కాబట్టి పల్సు తలకిందులు కాకుండానే తిరిగి వచ్చింది. 9 సెం.మీ. పల్సుకు రింగు 18 సెం.మీ. లేవాలి, 16 వరకు లేచింది. మిగిలిన తేడా రింగు బరువుది, రాపిడిది. అయితే పిల్లలు ఎత్తు కొలిచే ముందు వెతికింది మసకను. అది లేదు. రింగు అత్యధిక ఎత్తులో ఉన్న ఫ్రేములో తాడు ఈ చివర నుంచి ఆ చివర దాకా స్పష్టంగా ఉంది. అక్కడ వేగాలు రద్దయ్యాయి, ఎత్తులు రెట్టింపయ్యాయి, శక్తి అంతా సాగుదలలో ఉంది. స్థిర కొస దగ్గర వేగమంతా ఉండి ఆకారం లేదు, స్వేచ్ఛా కొస దగ్గర ఆకారమంతా ఉండి వేగం లేదు. ఈ రెండు ఫ్రేములూ ఇప్పుడు మా ప్రయోగశాల గోడ మీద ఉన్నాయి.

రెండు తాళ్లను ముడివేసిన ప్రయోగాన్ని త్వరగా ముగించాము. మీటరుకు 25 గ్రాములున్న సన్న తాడును లావు తాడుకు కడితే, తన్యత ఒకటే కాబట్టి, సన్న తాడు అవరోధం (తరంగ చలనానికి తాడు ఇచ్చే అడ్డు) లావు తాడు అవరోధంలో సగం. లావు వైపు నుంచి వచ్చిన పల్సులో ఎత్తు మూడో వంతు తలకిందులు కాకుండా వెనక్కి రావాలి, అవతలికి వెళ్లేది అసలు ఎత్తుకు మూడింట నాలుగు వంతులు ఉండాలి. వచ్చినదాని కన్నా వెళ్లినది ఎత్తుగా ఉండడం పిల్లలను కలవరపెట్టింది. శక్తి లెక్కలో వెనక్కి వచ్చేది తొమ్మిదో వంతు, వెళ్లేది మిగిలిన ఎనిమిది వంతులని తేలాక ఊరుకున్నారు. ముడి బరువు వల్ల మా కొలతలు అంత శుభ్రంగా రాలేదు.

ఇదే పని చేయదలచిన అధ్యాపకులకు ఒక హెచ్చరిక. దసరా సెలవుల తర్వాత మరో సెక్షన్‌కు ఈ ప్రయోగాన్ని ఎండ పడుతున్న మధ్యాహ్నం చేశాను. తాడు గీత మీదికి వచ్చింది, మసక మాత్రం కనిపించలేదు. వెలుతురు ఎక్కువ కావడంతో ఫోను షట్టరును చాలా తక్కువ కాలమే తెరిచింది, కదులుతున్న తాడు కూడా ఆగిపోయినట్టే పడింది. సరిగ్గా నా పాత యానిమేషన్ లాంటి బొమ్మే వచ్చింది, పిల్లల జవాబులు కూడా ఆ పాత జవాబులే. వరండా తెరలు దింపి, చీకటి చేసి, మళ్లీ తీయవలసి వచ్చింది. ఫోనులో షట్టరు కాలాన్ని చేతితో అమర్చే వీలుంటే దాన్ని సెకనులో 240వ వంతుకు దగ్గరగా పెట్టుకోవడం మేలు.

ఆగస్టు పరీక్షలో పాత ప్రశ్ననే కొంచెం మార్చి ఇచ్చాను: పల్సులు పూర్తిగా కలిసిన క్షణంలో తాడును గీయండి, ఆ తాడుకూ నిశ్చలంగా ఉన్న తాడుకూ తేడా చూపండి. ఇద్దరు ముగ్గురు ఇంకా ఉత్త గీతనే గీశారు, వారితో మరోసారి వరండాలోకి వెళ్లాను. వేడి గురించి రాసిన విద్యార్థిని జవాబులో వాక్యాలు లేవు. తిన్నని గీత గీసి, మధ్యలో ఎర్ర చుక్క పెట్టి, చుక్కకు ఎడమ వైపు కిందికి చూసే బాణాలు, కుడి వైపు పైకి చూసే బాణాలు వేసింది. చుక్క దగ్గర బాణం లేదు. పైకి లేచిన పల్సు ఎడమ నుంచి వస్తోందని ప్రశ్నలో ఇచ్చాను, బాణాల దిశ దానికి సరిగ్గా సరిపోయింది.